పరిశోధన నిధులు కోస్తే మిగిలేదెంత, తెగేదేమిటి

మీరు అడిగిన విషయాన్ని ముందు క్లుప్తంగా చెప్తాను. ఉండి, ఆకివీడు ప్రాంతపు ఆక్వా రైతుల సంఘం సమావేశంలో పునరుత్పాదక ఇంధన పరిశోధనకు ప్రభుత్వం పెట్టే ఖర్చును తగ్గించడం సబబా కాదా అన్న చర్చ వచ్చింది. సౌర పలకలు చవకైపోయాయి, ఎవరో కనిపెట్టినవి కొనుక్కుంటే సరిపోతుంది, అమెరికాయే కోసేస్తుంటే మనకెందుకు, ఆ డబ్బు మా ఏరేటర్ల (చెరువు నీటికి గాలి అందించే యంత్రాల) కరెంటు రాయితీకి మళ్లిస్తే మేలు కదా అని ఒక వర్గం వాదించింది. రెండో వర్గం కాదన్నది గాని కారణం గట్టిగా చెప్పలేకపోయింది. తీర్మానం రాయవలసిన కార్యదర్శిగా మీరు నా అభిప్రాయం అడిగారు. నేను కాకినాడలో విద్యుత్ ఇంజనీరింగు బోధించినవాణ్ని, కేంద్ర నిధుల కోసం వచ్చే పరిశోధన ప్రతిపాదనలను పరిశీలించే సంఘాలలో కొన్నేళ్లు కూర్చున్నవాణ్ని. కాబట్టి నేను పూర్తిగా తటస్థుణ్ని కానని గుర్తుంచుకునే ఇది చదవండి.

నేను కోతకు వ్యతిరేకిని. అయితే మీ రెండో వర్గంవారు సాధారణంగా చెప్పే కారణం నాది కాదు. పరిశోధనకు ఎంత ఎక్కువ ఇస్తే అంత మంచిదని నేను అనను. కొన్ని పథకాలను మూసేయవలసిందే, వాటి సంగతి కింద రాస్తాను. నా ఆక్షేపణ ఏమిటంటే, మన దేశంలో పరిశోధనకు జరిగే నష్టంలో పెద్ద భాగం మొత్తం తగ్గడం వల్ల కాక, మొదలైన పని మధ్యలో తెగిపోవడం వల్ల జరుగుతున్నది. తెగిన పనికి అప్పటిదాకా పెట్టిన ఖర్చు కూడా వృథా అవుతుంది గనుక, ఆదా అయిందనుకున్న డబ్బు లెక్కలో తప్ప నిజంలో కనిపించదు.

ముందు ఆ డబ్బు ఎంతో చూద్దాం. నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖకు 2025-26 బడ్జెట్ అంచనాలో సుమారు 26,549 కోట్ల రూపాయలు కేటాయించారు. అందులో 20,000 కోట్లు ఇళ్ల పైకప్పుల మీద సౌర పలకలకు రాయితీ ఇచ్చే పీఎం సూర్యఘర్ పథకం ఒక్కదానికే. అదే శాఖ తన పరిశోధన, సాంకేతికాభివృద్ధి కార్యక్రమానికి 2021-22 నుంచి 2025-26 దాకా ఐదేళ్లకూ కలిపి పెట్టుకున్న మొత్తం 228 కోట్లు. అంటే ఏడాదికి సగటున 46 కోట్లకు లోపే. దేశ జనాభాతో భాగిస్తే తలకు 33 పైసలు. 2023లో ఆమోదించిన హరిత హైడ్రోజన్ మిషన్‌లోనూ ఇదే తీరు: మొత్తం 19,744 కోట్లలో పరిశోధనకు వేరుగా పెట్టింది 400 కోట్లు, అంటే నూటికి రెండు రూపాయలు. శాస్త్ర సాంకేతిక శాఖ, సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి) ప్రయోగశాలలు, ఐఐటీలు తమ పద్దుల్లోంచి పెట్టే ఖర్చు దీనికి అదనం, కనుక దేశంలో ఈ రంగపు పరిశోధన అంతా ఇంతేనని అనుకోకూడదు. అయినా మీ సమావేశంలో కోత గురించి మాట్లాడినవారు తమ మనసులో ఎంత మొత్తం ఊహించుకున్నారో అడిగి చూడండి. ఆ 46 కోట్లను దేశంలోని రైతులందరి కరెంటు రాయితీకి పంచితే ఎవరి బిల్లులోనూ తేడా తెలియదు.

ఇక అవతలి వర్గం వాదనలో బలమైనది ధర. దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. 2010లో జాతీయ సౌర మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి సౌర విద్యుత్తుకు లెక్కకట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. 2017లో రాజస్థాన్‌లోని భడ్లా వేలంలో అది 2 రూపాయల 44 పైసలకు, 2020 డిసెంబరులో గుజరాత్ వేలంలో 1 రూపాయి 99 పైసలకు దిగింది. పదేళ్లలో తొమ్మిదో వంతుకు పడిపోయిన వస్తువు మీద ఇంకా పరిశోధన ఏమిటని అడగడం సహజమే. అయితే ఆ ధర దానంతట అది దిగలేదు. మొన్నమొన్నటి దాకా మార్కెట్లో అమ్ముడైన పలకల్లో చాలావాటి లోపలి కణం (ఎండను విద్యుత్తుగా మార్చే భాగం) నిర్మాణాన్ని 1980లలో ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో మార్టిన్ గ్రీన్ బృందం రూపొందించింది. అక్కడ చదువుకున్న చైనా విద్యార్థి ఒకరు తిరిగి వెళ్లి 2001లో సన్‌టెక్ సంస్థ స్థాపించారు. విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆలోచన కర్మాగారాల్లో విస్తరించి మనకు చవక పలకగా అందడానికి రెండు మూడు దశాబ్దాలు పట్టింది. మన దగ్గరా ప్రభుత్వ రంగంలోని సెంట్రల్ ఎలక్ట్రానిక్స్ లిమిటెడ్ 1977లోనే దేశపు తొలి సౌర కణాన్ని, మరుసటి ఏడాది తొలి పలకను తయారుచేసింది. అంత ముందు మొదలుపెట్టిన దేశం ఇవాళ కణాలను దిగుమతి చేసుకోవలసి వచ్చిందంటే కారణం తెలివి తక్కువై కాదు. పని నిలకడగా సాగలేదు.

పైగా చవకైంది పలకే. మీ చెరువుకు కావలసినది పలక ఒక్కటే కాదని మీకు నేను చెప్పనక్కరలేదు.

వన్నామి రకం రొయ్యల చెరువులో నాలుగైదు వందల కిలోల రొయ్యకు ఒక హార్స్‌పవర్ ఏరేషన్ ఉండాలన్నది మీరంతా పాటించే లెక్క. ఎకరానికి రెండు టన్నుల పట్టుబడి ఆశిస్తే నాలుగు హార్స్‌పవర్, అంటే సుమారు మూడు కిలోవాట్లు. పగలు నాచు, ప్లాంక్టన్ ఎండలో ఆక్సిజన్ తయారు చేస్తాయి. మధ్యాహ్నానికి డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, లీటరుకు పది మిల్లీగ్రాములు దాటడం కూడా ఉంటుంది. పొద్దుగూకాక అవే ఆక్సిజన్ వాడుకోవడం మొదలుపెడతాయి. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటలకు డీవో మూడుకు పడిపోతే రొయ్యలు పైకి తేలి గట్ల అంచుకు చేరతాయి. అప్పుడు కరెంటు పోతే జనరేటర్ స్టార్ట్ చేయడానికి కాపలా కుర్రాడు పరుగెత్తే ఆ నాలుగు నిమిషాలలోనే ఆ పంట భవిష్యత్తు తేలుతుంది. ఎకరానికి రాత్రి పది గంటలు ఏరేటర్లు తిరిగితే 30 యూనిట్లు, పది ఎకరాలకు 300 యూనిట్లు. ఒక కిలోవాటు పలక రోజుకు సగటున నాలుగు యూనిట్లు ఇస్తుంది కాబట్టి 75 కిలోవాట్ల పలకలు పెడితే కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ ఆ విద్యుత్తు మొత్తం మీకు అంతగా అవసరం లేని పగటిపూట వస్తుంది. రాత్రికి దాచాలంటే 300 యూనిట్ల బ్యాటరీ కావాలి. ఆ బ్యాటరీ చెరువు గట్టు మీది రేకుల షెడ్డులో, మే నెల వేడిలో, ఉప్పు తేమలో ఎన్నేళ్లు నిలుస్తుందో ఏ కంపెనీ బ్రోషర్‌లోనూ రాసి ఉండదు. బ్యాటరీ తయారీదారు 25 డిగ్రీల గదిలో చూసిన ఫలితాన్ని అచ్చువేస్తాడు. 45 డిగ్రీల దగ్గర కొలవవలసినది అలాంటి వేడి ఉన్న ఊళ్లవారే.

ఇలాంటి ప్రశ్నలు జర్మనీకి లేవు. అక్కడివారు వాటికి జవాబు వెతకరు, వెతకలేదని వారిని తప్పుపట్టలేం కూడా.

ఈ సందర్భంలో మీ జిల్లాకు, నా ఊరికి మధ్య ఉన్న ఒక ప్రశ్న చెప్తాను. నాకు ఎంతో ఆసక్తికరంగా అనిపించే ప్రశ్న ఇది. కాకినాడలో హరిత అమ్మోనియా కర్మాగారం వస్తున్నది. ప్రకటించిన సామర్థ్యం ఏడాదికి పది లక్షల టన్నులు. అమ్మోనియాకు హైడ్రోజన్ కావాలి, హైడ్రోజన్ కోసం నీటిని విద్యుత్తుతో విడగొడతారు. తొమ్మిది కిలోల నీటి నుంచి ఒక కిలో హైడ్రోజన్ వస్తే, ఎనిమిది కిలోల ఆక్సిజన్ కూడా వస్తుంది. ఒక టన్ను అమ్మోనియాలో 176 కిలోల హైడ్రోజన్ ఉంటుంది కాబట్టి టన్నుకు 1.4 టన్నుల ఆక్సిజన్ పుడుతుంది. పూర్తి సామర్థ్యంతో నడిస్తే ఏటా 14 లక్షల టన్నులు. కొనేవారు లేనిచోట ఇలాంటి ఆక్సిజన్‌ను సాధారణంగా గాలిలోకి వదిలేస్తారు. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరంలో మీరు అదే ఆక్సిజన్ కోసం రాత్రంతా చక్రాలు తిప్పి నీళ్లు చిమ్ముతున్నారు. దాన్ని ద్రవరూపంలో తెస్తే ఖర్చెంత, మూడు నాలుగడుగుల లోతు చెరువులో శుద్ధ ఆక్సిజన్ వదిలితే ఎంత కరుగుతుంది, ఎంత బుడగలై పోతుంది, ఏరేటర్ తిప్పినప్పుడు అడుగునీరు కదలడం వల్ల వచ్చే లాభం పోతే వ్యర్థం ఎక్కడ పేరుకుంటుంది, ఇవేవీ ఊహించి చెప్పేవి కావు. కొన్ని పంటల పాటు, పక్కపక్క చెరువుల్లో కొలిచి చూడాలి. ఆఖరికి గిట్టుబాటు కాదని తేలినా తేలవచ్చు. కానీ ఆ మాట తేల్చి చెప్పడానికి అమ్మోనియా కంపెనీకి తొందర లేదు, ఏరేటర్లు అమ్మేవాడికి అసలే లేదు. ప్రభుత్వ నిధితో నడిచే పరిశోధన అవసరమయ్యే చోటు ఇదే: ఫలితం అందరికీ ఉపయోగం, అయితే ఎవరికీ సొంత లాభం కాదు.

రెండో ఉదాహరణ ఉప్పుగాలి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఇళ్ల మీద నాలుగైదేళ్ల కిందట పెట్టిన పలకను దించి, వెనకనున్న జంక్షన్ బాక్స్ మూత తీసి చూడండి. రబ్బరు సీలు గట్టిపడి బీటలిచ్చి ఉంటుంది, రాగి తీగల చివర ఆకుపచ్చ చిలుము పట్టి ఉంటుంది, అల్యూమినియం చట్రానికి ఇనుప క్లాంపు బిగించిన చోట తెల్లని పొడి రాలుతుంది. పలక పగలలేదు, మీటరు తిరుగుతూనే ఉంటుంది, యజమానికి ఉత్పత్తి తగ్గిన సంగతి తెలియదు. ఐఐటీ బొంబాయిలో మంత్రిత్వ శాఖ నిధులతో 2010లో ఏర్పడిన ఫోటోవోల్టాయిక్ పరిశోధన కేంద్రం, గురుగ్రామ్‌లోని జాతీయ సౌర ఇంధన సంస్థ కలిసి 2013, 2014, 2016, 2018లలో దేశమంతా తిరిగి, ఆరుబయట పనిచేస్తున్న పలకలను కొలిచాయి. వేడి ప్రాంతాల్లో పలకలు తొందరగా క్షీణిస్తున్నాయని, పెద్ద సౌర కేంద్రాల్లో కన్నా చిన్న పైకప్పు యూనిట్లలో పరిస్థితి అధ్వానంగా ఉందని ఆ సర్వేలు బయటపెట్టాయి. కోటి ఇళ్ల పైకప్పులకు 75,021 కోట్ల పథకం నడుపుతున్న ప్రభుత్వానికి ఇంతకన్నా అవసరమైన సమాచారం ఏముంటుంది? ఇలాంటి సర్వేకు అయ్యే ఖర్చు ఆ రాయితీ ముందు లెక్కలోకి రాదు. అయినా కోత వచ్చినప్పుడు మొదట ఆగేవి ఇలాంటివే. సర్వే ఆగితే ఎవరి ఇంట్లోనూ దీపం ఆరదు గనుక ఎవరూ ధర్నా చేయరు.

మీ సంఘంలో పెద్దలకు ఈ సంగతి అర్థం కావాలంటే సౌర పలకల కన్నా మార్టేరు పేరు ఎత్తండి. 1925లో మొదలైన ఆ వరి పరిశోధన స్థానం నుంచి 1982లో ఎంటీయూ 7029, మనం స్వర్ణ అనే రకం, విడుదలైంది. వశిష్ట, మసూరి రకాలను కలిపి తీసిన ఆ వంగడం గోదావరి డెల్టాలోనే కాక ఒడిశా, బెంగాల్, బిహార్ పొలాల్లోనూ లక్షల ఎకరాల్లో పండింది. తర్వాత దానికే ముంపును తట్టుకునే గుణం చేర్చి 2009లో స్వర్ణ సబ్-1 విడుదల చేశారు. ఆ గుణం ఒడిశాకు చెందిన ఒక నాటు రకం నుంచి వచ్చింది. రైతు తన గాదెలోంచే మరుసటి ఏడాదికి విత్తనం తీసుకోగలడు కాబట్టి ఏ ప్రైవేటు కంపెనీ అలాంటి వరి మీద డబ్బు పెట్టి ఉండేది కాదు. కొత్త వంగడం రావడానికి పదేళ్లకు పైనే పడుతుంది. మధ్యలో ఒక్క ఏడాది నారు పోయకుండా వదిలేస్తే తరాల వరుస తెగుతుంది, దాచిన గింజల మొలక శాతం పడిపోతుంది, మళ్లీ వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి. 1970లలో ఎవరైనా మసూరి బాగానే పండుతోంది కదా, ఇంకా పరిశోధన దేనికని మార్టేరు పద్దు కోసి ఉంటే, నష్టం అప్పటి రైతుకు తెలిసేది కాదు.

ఇంధన రంగంలోనూ అలాంటి ఓపికతో జరిగిన పని ఒకటుంది. వాతావరణ శాఖలో పనిచేసి 1976లో విరమించిన అన్నా మణి అంతకుముందే, 1957-58 అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం నాటికే, సౌర వికిరణాన్ని కొలిచే కేంద్రాలను దేశంలో నెలకొల్పారు. విరమించాక బెంగళూరు నుంచి పవన వనరుల కొలత కార్యక్రమాన్ని నడిపారు. ఏ గుట్ట మీద ఏ నెలలో ఎంత గాలి వీస్తుందో స్తంభాలు పాతి ఏళ్ల తరబడి రాసిన లెక్కలవి. తర్వాత తమిళనాడు, గుజరాత్, మన అనంతపురం గుట్టల మీద గాలి మరలు పెట్టినవారికి ఏ గుట్ట పనికొస్తుందో ముందే తెలియడానికి అలాంటి కొలతలే ఆధారం.  సౌర వికిరణానికి కూడా 2011లో చెన్నైలోని పవన ఇంధన సంస్థ ద్వారా మొదటి విడతగా 51 కేంద్రాలు పెట్టారు. ఈ కేంద్రాల్లోని గాజు గోళాన్ని రోజూ తుడవాలి, పరికరాన్ని నియమిత కాలానికి సరిచూడాలి. ఒక ఏడాది నిర్వహణ నిధులు ఆగితే, ఆ ఏడాది ఎండను తర్వాత ఎంత డబ్బు పెట్టినా కొలవలేం.

అమెరికా మాటకు వస్తాను. అక్కడ 2026 ఆర్థిక సంవత్సరానికి ప్రభుత్వం పునరుత్పాదక ఇంధన, సామర్థ్య విభాగపు కేటాయింపును సుమారు నాలుగింట మూడు వంతులు తగ్గించాలని ప్రతిపాదించిన మాట నిజం. కొలరాడోలోని జాతీయ పునరుత్పాదక ఇంధన ప్రయోగశాల నుంచి 2025 మేలో వందమందికి పైగా ఉద్యోగులను తొలగించిన మాటా నిజమే. అయితే అక్కడ అధ్యక్షుడి ప్రతిపాదన వేరు, కాంగ్రెస్ ఆమోదించే బడ్జెట్ వేరు. పైగా ఇది వారికి కొత్త కాదు. అదే ప్రయోగశాల 1977లో సౌర ఇంధన పరిశోధన సంస్థగా పని ప్రారంభించింది. 1981లో రీగన్ ప్రభుత్వం రాగానే డైరెక్టర్ డెనిస్ హేస్‌ను తొలగించి, నిధులను, సిబ్బందిని బాగా తగ్గించింది. 1991లో మరో అధ్యక్షుడు దానికి జాతీయ ప్రయోగశాల హోదా ఇచ్చేసరికి పదేళ్లు గడిచాయి. ఈలోగా 1974లోనే సన్‌షైన్ ప్రాజెక్టు ప్రారంభించిన జపాన్ దాన్ని ఆపకుండా కొనసాగించి, 2000 సంవత్సరం వచ్చేసరికి పలకల తయారీలో ముందు వరుసలో నిలిచింది. ఆ తర్వాత జర్మనీ, చైనా అందుకున్నాయి. మొదట కనిపెట్టిన దేశం కొనుగోలుదారు అయింది. అమెరికా కోసింది కాబట్టి మనమూ కోద్దామనేవారు ఆ కోత చరిత్రను మొత్తం చదవాలి. అంతటి సంపన్న దేశం ఆ నష్టాన్ని భరించగలిగిందేమో గాని, మనకు ఆ స్తోమత లేదు.

మన దగ్గర కోత అమెరికాలోలా ప్రకటనతో రాదు. అందుకే దాని మీద చర్చ కూడా జరగదు. ఫిబ్రవరిలో బడ్జెట్ అంచనాలో ఒక మొత్తం కనిపిస్తుంది, ఏడాది చివర సవరించిన అంచనాలో అది తగ్గుతుంది, ఆఖరుకు ఖర్చయింది ఇంకా తక్కువ ఉంటుంది. పత్రికలు మొదటి అంకె ఒక్కటే అచ్చువేస్తాయి. ఆ మధ్యలో జరిగేది ఏమిటంటే, మూడేళ్ల ప్రాజెక్టుకు మొదటి వాయిదా వస్తుంది, రెండోది రావడానికి మొదటి సొమ్ము సరిగా ఖర్చయిందని చూపే వినియోగ ధ్రువపత్రం కావాలి, అది పంపాక ఒక సందేహం వస్తుంది, దానికి జవాబిచ్చేసరికి మార్చి 31 దాటి మిగిలిన సొమ్ము వెనక్కి పోతుంది. నేను దగ్గరగా చూసిన ఒక ప్రయోగంలో బ్యాటరీ కణాలను వేడి గదిలో పెట్టి ఆపకుండా ఛార్జి, డిశ్చార్జి చేస్తూ సామర్థ్యం ఎలా తగ్గుతుందో రాస్తున్నారు. రెండో వాయిదా ఆలస్యమై, స్కాలర్‌కు నెలల తరబడి ఫెలోషిప్ రాక, ఆ అబ్బాయి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. గది ఆగిపోయింది. డబ్బు వచ్చాక మళ్లీ ఆన్ చేశారు గాని, మధ్యలో ఊరికే పడి ఉన్న కణాలు వేరుగా క్షీణించాయి కాబట్టి అంతకుముందు తీసిన రీడింగులతో తర్వాతివి కలవలేదు. ఆ ప్రాజెక్టుకు మంజూరైన మొత్తంలో ఒక్క రూపాయి కూడా తగ్గించలేదు. ఆడిట్‌లో అది కోతగా కనిపించదు. దానికి తోడు 2022 జూలైలో పరిశోధన సంస్థలు కొనే పరికరాల మీద జీఎస్టీ 5 శాతం నుంచి 18 శాతం దాకా పెరిగింది. ప్రభుత్వం ఒక చేత్తో ఇచ్చిన నిధిలోంచి మరో చేత్తో తీసుకునే ఏర్పాటు ఇది.

అసలు డబ్బు లేదన్న మాట కూడా అంత నిలవదు. 2010-11 బడ్జెట్‌లో టన్ను బొగ్గు మీద 50 రూపాయల సుంకం వేసి, శుభ్ర ఇంధన పరిశోధనకు, కొత్త తరహా ప్రాజెక్టులకు ఆ సొమ్ముతో ప్రత్యేక నిధి పెడుతున్నామని ప్రకటించారు. సుంకం 2016కల్లా 400 రూపాయలకు పెరిగింది. 2017-18 వరకు సుమారు 86,440 కోట్లు వసూలైతే, నిధికి బదిలీ చేసింది 29,645 కోట్లు, ప్రాజెక్టులకు ఇచ్చింది 15,911 కోట్లు. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ సుంకం రాష్ట్రాలకు పరిహారం ఇచ్చే పద్దులో కలిసిపోయింది. 2025 సెప్టెంబరులో దాన్ని కూడా తీసేసి బొగ్గు మీద జీఎస్టీని 18 శాతం చేశారు. రాష్ట్రాల పరిహారం అక్కర్లేని పని అని నేను అనను. కానీ ఒక పేరు చెప్పి వసూలు చేసిన సొమ్ము ఇంకో దారి పట్టిందన్నది రికార్డులో ఉన్న విషయం.

ఇప్పుడు మూసేయవలసినవాటి సంగతి. కేరళలోని విళింజంలో 1991లో ఐఐటీ మద్రాసువారు సముద్రపు అలలతో నడిచే 150 కిలోవాట్ల కేంద్రం కట్టారు. సాంకేతికంగా అది మంచి పనే, మన అలల బలం ఎంతో దానివల్ల తెలిసింది, గిట్టదని కూడా తేలింది, చివరికి దాన్ని తొలగించారు. నా దృష్టిలో అది వృథా ఖర్చు కాదు. జవాబు వచ్చాక ఆపడం సరైన పద్ధతి. మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం ఇందుకు భిన్నం. 1980లలో మొదలై 2002 దాకా నడిచిన ఆ పథకంలో కోట్ల పొయ్యిలు పంచారు. చాలా ఇళ్లలో అవి కొద్దికాలానికే పగిలిపోయాయి, లేదా వంట చేసే ఆడవారికి అనుకూలం కాక మూలపడ్డాయి. వాడకం ఎలా ఉందో కొలవకుండా పంపిణీ లెక్కనే ఫలితంగా చూపిస్తూ ఇరవై ఏళ్లు నడపడమే అక్కడి లోపం. ప్రతిపాదనలు చదివే రోజుల్లో కూడా సగానికి సగం ఇదివరకు ఎవరో చేసినదాన్నే పేరు మార్చి తెచ్చినవి కనిపించేవి. వాటికి నిధులు ఇవ్వకపోవడం కోత కాదు, అది కనీస బాధ్యత. కాబట్టి పరిశోధన పేరుతో డబ్బు తగలేస్తున్నారని మీ సమావేశంలో ఎవరైనా అంటే, కొంతమేర నిజమేనని ఒప్పుకోండి. ఒప్పుకుంటే మీ వాదన బలహీనపడదు.

ప్రైవేటు సంస్థలే చేసుకోవాలన్న వాదన గురించి పొడిగించనక్కరలేదు. తమకు లాభం వచ్చేచోట అవి చేస్తాయి, చేస్తున్నాయి. స్వర్ణ విషయంలో చెప్పిన కారణమే ఇక్కడా వర్తిస్తుంది.

కొనుక్కుంటే పోలా అన్నదానికి మాత్రం మన నేలమీది అనుభవం ఒకటి గుర్తుచేస్తాను. 2009 ఏప్రిల్‌లో మన తీరానికి ఎదురుగా సముద్రంలో ఉన్న కృష్ణా గోదావరి (కేజీ) బేసిన్ డీ6 క్షేత్రం నుంచి గ్యాస్ ఉత్పత్తి మొదలైనప్పుడు గోదావరి జిల్లాలకు ఇక విద్యుత్ కొరత ఉండదన్నారు. వేమగిరి, జేగురుపాడు చుట్టుపక్కల గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఆ గ్యాస్‌ను నమ్ముకున్నాయి. ఒకటి రెండేళ్లకే ఉత్పత్తి పడిపోయి, వేల కోట్ల యంత్రాలు గ్యాస్ లేక నిలిచిపోయాయి. ఒకే చోటి సరఫరాను నమ్ముకుంటే ఏమవుతుందో మనం ఇక్కడే చూశాం. సౌర పలకల తయారీలో ప్రతి దశలోనూ ఎనభై శాతానికి పైగా సామర్థ్యం చైనా చేతిలో ఉంది. 2025 జూలైలో ఆ దేశం లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీల్లో వాడే క్యాథోడ్ (ధన ధ్రువ పదార్థం) తయారీ సాంకేతికత ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. మీ గట్టు మీద పెట్టవలసిన బ్యాటరీ ఆ రకందే. ప్రత్యామ్నాయంగా సోడియం బ్యాటరీల మీద పుణెలోని కేంద్ర విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థ ఐసర్‌తో కలిసి కేపీఐటీ సంస్థ చేసిన పని 2023లో బయటికి వచ్చింది. ఆ బ్యాటరీల్లో ఒక ధ్రువానికి వాడే గట్టి కార్బన్‌ను కొబ్బరి చిప్పల నుంచి చేయవచ్చు. జపాన్‌లో ఇప్పటికే చేస్తున్నారు. అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పరిసరాల్లో చిప్ప ఇవాళ పొయ్యిలోకో బొగ్గుబట్టీకో పోతున్నది. దాన్ని బ్యాటరీకి తగిన నాణ్యతకు తేవడం ఎలాగో ఎవరైనా ఇక్కడే కూర్చుని చూడాలి.

రాయితీ కోరేవారిని నేను తప్పుపట్టను. ఆక్వా జోన్లలో యూనిట్‌కు రూపాయిన్నర ధర లేకపోతే చిన్న రైతు నిలవలేడు. కానీ ఆ రాయితీ ప్రతి పంటకూ, ప్రతి ఏటా ఇవ్వవలసిందే, ప్రభుత్వం మారినప్పుడల్లా దాని షరతులూ మారుతున్నాయి. రాత్రి వాడే 300 యూనిట్లను 200కు దించే మార్గం ఎవరైనా కనిపెడితే, ఆ తగ్గింపును ఏ ప్రభుత్వమూ వెనక్కి తీసుకోలేదు. రెండూ వేర్వేరు పద్దులు, వేర్వేరు కాలవ్యవధులు. ఒకదాన్ని కోసి మరొకదానికి ఇమ్మనడం వల్ల రెండింటికీ నష్టమే.

తీర్మానం విషయంలో నా సలహా: పరిశోధన నిధులు పెంచాలని ఒక్క వాక్యం రాసి ఊరుకోవద్దు. అలాంటి వాక్యం ఎవరినీ దేనికీ కట్టిపడేయదు. మంజూరైన ప్రాజెక్టుకు పూర్తి కాలపు నిధిని ముందే వేరుచేసి, మార్చి 31తో సంబంధం లేకుండా వాడుకోనివ్వాలని అడగండి. సవరించిన అంచనాల్లో పరిశోధన పద్దును తగ్గిస్తే కారణాన్ని పార్లమెంటు స్థాయీ సంఘానికి రాతపూర్వకంగా ఇవ్వాలని అడగండి. ప్రభుత్వ సొమ్ముతో తీసిన కొలతలను, విఫలమైన ప్రయోగాలవి కూడా, రెండేళ్లలోపు అందరికీ అందుబాటులో పెట్టాలని కోరండి. పైకప్పు పథకానికి ఇచ్చే రాయితీలోంచి నూటికి అర్ధరూపాయైనా పలకల పనితీరు సర్వేకు కేటాయించాలని, అందులో కోస్తా మండలాలు తప్పక ఉండాలని రాయండి. ఇవన్నీ కలిపినా ప్రభుత్వానికి అదనపు భారం చాలా స్వల్పం కాబట్టి మీ మొదటి వర్గంవారు కూడా వీటిని కాదనరని నా అంచనా.

చివరగా ఒక పని మీ చేతిలోనే ఉంది. ఏరేటర్ మీటరు, డీవో మీటరు రీడింగులను గంటగంటకూ రాసి పెట్టుకునే రైతులు మీ సంఘంలో కొందరైనా ఉంటారు. ఒక పూర్తి పంటకు సంబంధించిన అలాంటి పుస్తకాలను, విత్తనం వదిలిన తేదీ, చెరువు విస్తీర్ణం, లోతు, కరెంటు పోయిన సమయాలు, జనరేటర్‌కు పోసిన డీజిల్ లెక్కతో సహా కాపీ తీయించి తీర్మానానికి జతచేయండి. చెరువుల విద్యుత్ వాడకం మీద ఎవరు ప్రతిపాదన పెట్టినా, దాన్ని పరిశీలించే సంఘం మొదట అడిగేది ఆ పట్టికలనే.